రాత్రి వంతు ఎలుగుది

(జీడిపిక్కల ఏరుడు మొదలవబోయే ముందు, ఫిబ్రవరి నెలాఖరున, శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలోని ఒక ఊరి రామాలయం దగ్గర, విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు ఒకరు మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం ఫోన్ రికార్డింగు విని టైప్ చేశాం. తడబాట్లు తీసేశాం. మిగతాది ఆయన మాట్లాడినట్టే ఉంది.)

అందరికీ నమస్కారం. ఏటమ్మా, ఆడవాళ్ళందరూ వెనక కూర్చున్నారు? ముందుకు రండి. పిక్కలు ఏరేది మీరే కదా, నేను చెప్పేది ముఖ్యంగా మీకే. మగవాళ్ళకి తరవాత చెప్తాను, వాళ్ళ మీద నాకు వేరే ఫిర్యాదులున్నాయి.

ఇప్పుడు టైమెంత? ఐదవడానికి పావుగంట. ఐదున్నరకల్లా ముగించేస్తాను. ఎందుకంటే మీలో సగం మంది తోటల మధ్య దారిలోనే ఇళ్ళకి వెళ్ళాలి. ఎలుగుబంట్ల గురించి మీటింగు పెట్టి, అది విని చీకట్లో ఇంటికెళ్తూ ఎవరైనా ఎలుగుకి ఎదురుపడితే ఇంక నా పరువేం కావాలి? నలభై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి, టైముకి ఆపడం నాకు రాదు. బాబూ, నువ్వు ఫోన్ చూస్తూ ఉండు, ఐదున్నరవగానే చెయ్యెత్తు.

ముందుగా మా మేనమామ సంగతి చెప్తాను. ఈ ఊళ్ళో పెద్దవాళ్ళకి ఆయన తెలుసు. ఒక కన్ను లేదు, కుడి చెంప లోపలికి పోయి ఉండేది. మాట ముద్దగా వచ్చేది. పిల్లలు చూసి భయపడతారని తలకి తువ్వాలు చుట్టుకుని, దాని చెంగు ముఖం మీదికి లాక్కునేవాడు. నలభై ఐదేళ్ళ కిందట, మార్చి నెలలో, తెల్లవారుజామున నాలుగింటికి తోటకి వెళ్ళాడు. నాలుగింటికి ఎందుకెళ్ళాడు? అది గుర్తుపెట్టుకోండి, ఆ ప్రశ్నకి మళ్ళీ వస్తాను. చేతిలో టార్చి లేదు. తన తోటే కదా, ఏ చెట్టు ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. వంగి, చేత్తో తడుముకుంటూ పిక్కలు ఏరుకుంటూ వెళ్ళాడు. ఒక చెట్టు మొదట్లో నల్లగా ఏదో ఉంది. ఆకులు కుప్పేశారనుకున్నాడు.

అంతే. మొత్తం పది సెకన్లు కూడా పట్టలేదట.

ఆయన తరవాత ఇరవై రెండేళ్ళు బతికాడు. ఆ ఇరవై రెండేళ్ళలో ఎలుగుని తిట్టగా నేను వినలేదు. "అది నా మీదకి రాలేదురా, నేనే దాని మీద పడ్డాను. నీ మీద ఎవడైనా చీకట్లో పడితే నువ్వూరుకుంటావా?" అనేవాడు. అప్పుడు నేను బీఎస్సీ చదువుతున్నాను, పెద్ద తెలివైనవాణ్ణని నా నమ్మకం. మావ పిచ్చి వేదాంతం చెప్తున్నాడనుకున్నాను. తరవాత పుస్తకాలు చదివితే తెలిసింది, ఆయన చెప్పింది వేదాంతం కాదు, అచ్చంగా జంతుశాస్త్రం.

ఎలాగంటారా? ఎలుగుబంటికి చూపు అంతంతమాత్రం. వినికిడి కూడా గొప్పదేం కాదు. ముక్కు మాత్రం మహా గట్టిది. అది తినేదేమిటి? ఎక్కువగా చెదలు, చీమలు, తేనె, పళ్ళు. మాంసం కోసం మనిషిని వేటాడే జంతువు కాదది. దాని పై దవడలో మధ్యన రెండు ముందు పళ్ళుండవు. ఎందుకుండవు? మీరు తాటి ముంజెలు ఎలా తింటారు? వేలితో పొడిచి జుర్రుకుంటారు కదా? అదీ అంతే. ఆరేడు సెంటీమీటర్ల గోళ్ళతో పుట్టని తవ్వుతుంది, మూతి లోపల పెడుతుంది, ఉఫ్ అని ఊది మట్టి ఎగరగొడుతుంది, ఆ పళ్ళ సందులోంచి చెదల్ని జుర్రున పీలుస్తుంది. ఆ జుర్రు చప్పుడు వంద మీటర్ల అవతలికి కూడా వినపడుతుంది.

ఇప్పుడు ఆలోచించండి. తల పుట్టలో ఉంది. చెవుల నిండా దాని సొంత చప్పుడే. కళ్ళు ఎలాగూ అంతంతమాత్రం. మిగిలింది ముక్కు. గాలి మీ వైపు నుంచి దాని వైపు వీస్తే మీ వాసన తగిలి అదే లేచి వెళ్ళిపోతుంది. గాలి అటు నుంచి మీ వైపుకి వీస్తుంటే? మీరు పక్కకొచ్చి నిలబడేదాకా దానికి తెలీదు. తెలిసేసరికి మీరు రెండు బారల దూరంలో ఉంటారు. అప్పుడది ఏం చేస్తుంది?

లేడి అయితే పారిపోతుంది. ఎలుగు పారిపోదు. ఎందుకు పారిపోదు? ఇది పులులున్న అడవుల్లో వేల తరాలు బతికిన జాతి. పులి ముందు పరిగెత్తితే పులి అందుకుంటుంది. చెట్టెక్కితే చిరుత కూడా ఎక్కుతుంది. ఇంక మిగిలిన దారి ఒకటే, లేచి నిలబడి ముఖం మీద కొట్టడం. మీలో పులిని చూసి, ముందు కొట్టి తరవాత ఆలోచిస్తుంది. మధ్యప్రదేశ్‌లో 1989 నుంచి 1994 దాకా ఐదేళ్ళ లెక్కలు తీశారు. 735 మంది మీద ఎలుగులు దాడి చేశాయి. చనిపోయినవాళ్ళు 48 మంది. అంటే ఏమిటి? చంపి తినాలనే ఉద్దేశం దానికి లేదు. కొట్టి, దారి దొరగ్గానే పోతుంది. మిగిలిన ఆరువందల ఎనభై చిల్లర మంది మా మావలా తువ్వాలు చెంగు ముఖం మీదికి లాక్కుని బతుకుతారు. బతికారు కదా అని లెక్కలో చిన్నగా కనిపిస్తుంది. ఇంట్లో చూసినవాడికి తెలుస్తుంది అది చిన్నదో కాదో.

వినాయక చవితి కథ మీరందరూ ఏటేటా వింటారు. అక్షింతలు చేతిలో పట్టుకుని, ఉండ్రాళ్ళ మీద దృష్టి పెట్టి వింటారు, అది వేరే సంగతి. శమంతకమణి కథలో జాంబవంతుడెవరు? భల్లూకం, అంటే మన ఎలుగుబంటే. కృష్ణుడితో ఇరవై ఎనిమిది రోజులు కొట్టుకున్నాడు. ఎందుకు కొట్టుకున్నాడు? ఒకసారి కథ గుర్తు చేసుకోండి. కృష్ణుడు అడుగుజాడలు పట్టుకుని గుహలోకి వెళ్ళాడు. గుహలో ఏముంది? ఉయ్యాల ఉంది. ఉయ్యాల్లో పిల్ల ఉంది. కొత్త మనిషిని చూసి దాది కేకేసింది. అప్పుడొచ్చాడు జాంబవంతుడు బయటినుంచి కోపంగా. అంటే ఎవరింటికి ఎవరెళ్ళారు? పసిబిడ్డ ఉన్న గుహలోకి చెప్పాపెట్టకుండా మనిషి వెళ్తే ఏమవుతుందో మన పెద్దవాళ్ళు పండగ కథలో పెట్టి మరీ చెప్పారు. మనం ఉండ్రాళ్ళు తిని లేచి వచ్చేశాం.

ఇంకో సంగతి. ఎలుగు పిల్లలు ఎప్పుడు పుడతాయి? చలికాలంలో, నవంబరు నుంచి జనవరి లోపల, రాళ్ళ గుహల్లో. ఒకటో రెండో పుడతాయి. రెండు మూడు నెలలు గుహలోనే ఉంటాయి. తరవాత తల్లి వీపు మీదెక్కి బయటికొస్తాయి. అలా పిల్లల్ని వీపు మీద మోసుకుని తిరగడం ఎలుగుబంట్లలో మన దేశపు ఎలుగుకే అలవాటు. లెక్కేసుకోండి, డిసెంబరులో పుడితే ఎప్పుడు బయటికొస్తాయి? ఫిబ్రవరి, మార్చి. పిక్కలు ఎప్పుడు రాలతాయి? మార్చి. అక్కడ తల్లి పిల్లల్నెత్తుకుని కొండ దిగుతుంది, ఇక్కడ మీరు సంచి పట్టుకుని తోటకి బయల్దేరతారు. ఇద్దరికీ ఒకటే సీజన్, ఒకటే చెట్టు.

"ఈ ఎలుగులు ఎక్కణ్ణించి వచ్చాయి మాస్టారూ, ఒరిస్సా నుంచా?" అని అడుగుతారు. ఏనుగులైతే ఆ మాట నిజం, అటు కొండల్లోంచే దిగాయి. ఎలుగులు ఎక్కడినుంచీ రాలేదు, ఇక్కడివే. మన కొండల్లో, మొగలి పొదల్లో, సరుగుడు తోటల్లో ముందునుంచీ ఉన్నాయి. మనముండే ఈ ఉద్దానం ప్రాంతం ఏమిటి? ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. కొబ్బరి, జీడి, పనస, మామిడి. మనిషికి తోట. ఎలుగు కళ్ళకి మాత్రం పళ్ళు ఇంకా బాగా కాసే అడవి. మధ్యమధ్యలో రాతి కొండలు, అవి దాని ఇళ్ళు. మన జిల్లాలో కొండల్ని గ్రానైట్ కోసం ఎలా కోస్తున్నారో టెక్కలి వైపు వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు. కొండ కోస్తే గుహ పోతుంది. గుహ పోతే అది ఎక్కడ పడుకుంటుంది? మీ తోట చివర పొదలో.

తిత్లీ తుపాను సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరు 11. ఆ తెల్లవారుజామున మన తోటలు ఎలా పడుకున్నాయో చూశాం. తాతలు నాటిన జీడిచెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి. మనకి నష్టపరిహారం ఇచ్చారు, కొందరికి వచ్చింది, కొందరికి రాలేదు, ఆ గొడవ ఇప్పుడొద్దు. కానీ ఆ పనస, ఆ జీడి తిని బతికే ఎలుగు ఏ ఆఫీసుకెళ్ళి దరఖాస్తు పెట్టుకుంటుంది?

నవ్వకండి. నేను దాని తరఫున వకాల్తా తీసుకుని రాలేదు. కన్ను పోయిన ఇంటివాణ్ణి నేను.

వంతు సంగతి

ఇప్పుడు మొదట్లో వదిలేసిన ప్రశ్న. మా మావ నాలుగింటికి తోటకి ఎందుకెళ్ళాడు? మీరు చెప్పండి. మీరెందుకెళ్తారు?

అదీ మాట! దొంగల భయం. గట్టిగా చెప్పమ్మా, సిగ్గెందుకు. రాత్రి రాలిన పిక్కలు తెల్లారేసరికి ఎవడో ఒకడు ఏరుకుపోతాడు. ఎనభై కిలోల బస్తా ధర ఎంత పలుకుతుందో తెలిసినవాడెవడూ పడుకోడు. నేను మూడింటికి వెళ్తున్నానని మా పక్కింటాయన రెండున్నరకి వెళ్తాడు. ఆయన వెళ్తున్నాడని దొంగ ఒంటిగంటకి వెళ్తాడు. ఇలా ఒకరికంటే ఒకరు ముందు వెళ్ళి వెళ్ళి, ఊరంతా రాత్రిపూట తోటల్లో ఉంటుంది. రాత్రి తోటలో ఎవరుంటారు? అదుంటుంది. ఎండ వేళ పొదల్లో, గుహల్లో పడుకుని చల్లబడ్డాక లేచే జంతువు అది. ఏ అడవిశాఖ పుస్తకంలోనూ ఈ ముక్క నాకు కనపడలేదు. మనకి ఎలుగు బెడదలో సగం పిక్కల దొంగతనం బెడదే.

అందుకని మా ఊళ్ళో కొన్నేళ్ళ కిందట కూర్చున్నాం. రెండు రాత్రులు కొట్లాడుకున్నాం. నేను లేచి నిలబడి ఎలుగు గురించి పెద్ద పాఠం చెప్పాను, ఎవరూ వినలేదు. చివర్లో ఒక ముసలాయన, చదువు లేదు ఆయనకి, అన్నాడు: "చెరువు నీళ్ళకి వంతు పెట్టుకుంటాం కదా. నా వంతులో నువ్వు మడవ తీస్తే గొడవ. తోటకి కూడా వంతు పెట్టండి. పగలు మనది, రాత్రి దానిది. దాని వంతులో మనం దిగొద్దు." నేను గంటసేపు చెప్పింది ఆయన ఒక్క మాటలో చెప్పి కూర్చున్నాడు. నీటి వంతు తెలియని రైతు ఎవడు? అందరికీ అర్థమైంది.

కట్టుబాటు చేసుకున్నాం. పొద్దున్న ఆరున్నరకి రామాలయం మైకులో పాట వేస్తాం. ఆ పాట వినపడేదాకా సొంత తోటలోకి కూడా ఎవరూ దిగకూడదు. సాయంత్రం ఐదింటికి మళ్ళీ పాట, అందరూ బయటికి రావాలి. దిగినవాళ్ళకి ఐదువందలు తప్పు, గుడి ఖాతాలోకి. మరి దొంగలు? ఇక్కడే తమాషా ఉంది. ముందు రోజుల్లో తెల్లవారుజామున తోటల్లో వంద టార్చిలు తిరిగేవి, అందులో దొంగ ఎవడో దొర ఎవడో తెలిసేది కాదు. ఇప్పుడు ఎవరూ దిగకూడదు కదా? అంటే రాత్రి తోటలో ఒక్క లైటు కనపడితే చాలు, వాడే దొంగ. ఎవరి మేడ మీంచి చూసినా కనపడతాడు. దొంగతనం తగ్గింది కాబట్టే కట్టుబాటు నిలిచింది. ఎలుగు మీద ప్రేమతో నిలిచిందని చెప్తే అబద్ధమాడినవాణ్ణవుతాను.

మొదటి ఏడాది మొదటి తప్పు కట్టింది ఎవరనుకుంటున్నారు? మా ఇంటావిడ. ఐదింటికే సంచి పట్టుకుని దిగిపోయింది. ఐదువందలు కట్టి, మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఇక్కడే ఉంది, ఆ స్తంభం పక్కన. ఇప్పటికీ క్షమించలేదు.

గుత్తకి తోటలు తీసుకున్నవాళ్ళతోనే కష్టమైంది. వాళ్ళకి కూలీలు తొందరగా దిగాలి, తొందరగా అయిపోవాలి. కూలీ ఆడవాళ్ళు వెళ్ళం అనలేరు, అంటే రేపు పిలవరు. అందుకని కట్టుబాటులో ఒక ముక్క కలిపాం. పాటకి ముందు కూలీలు తోటలో కనపడితే తప్పు కట్టాల్సింది గుత్తదారు, కూలీ కాదు. మీరు మీ ఊళ్ళో ఇలాంటిది పెట్టుకుంటే ఆ ముక్క మాత్రం మర్చిపోకండి. అది లేకపోతే భారమంతా మళ్ళీ ఆడకూలీల మీదే పడుతుంది.

మరి అప్పట్నుంచి మా ఊళ్ళో ఎవరికీ దెబ్బ తగల్లేదా? తగిలింది. దాచడమెందుకు. ఒకావిడ మిట్టమధ్యాహ్నం పుల్లల కోసం మొగలి పొదలోకి దూరింది. మన వంతే, పగలే. కానీ పొద దాని పడకగది. భుజం మీద పీకింది, బతికింది. అప్పుడు తెలిసింది, వేళ ఒక్కటే చాలదు, చోటు కూడా చూసుకోవాలని. తోట మనది, పొద దానిది. పొదలోకి వెళ్ళాల్సొస్తే దూరంగా నిలబడి కేకలెయ్యండి, డబ్బా కొట్టండి, కర్రకి గజ్జెలు కట్టుకుని నేల మీద కొట్టుకుంటూ వెళ్ళండి. మావకి ఆ రోజు ఒక పాట పాడుకుంటూ వెళ్ళే అలవాటుంటే కన్ను దక్కేది.

జీడిపండ్ల కుప్పలు. పిక్క గిల్లేసి పండుని ఎక్కడ పడేస్తున్నారు? ఇంటి వెనకాల. మూడో రోజుకి అది పులిసి, ఘుమఘుమలాడుతూ, కిలోమీటరు దూరానికి పిలుపు పంపిస్తుంది. పనస తొక్కలూ అంతే. పిక్క తోటలోనే గిల్లండి, పండు అక్కడే వదిలెయ్యండి, ఇళ్ళకీ దారికీ దూరంగా. గుళ్ళో నూనె, అంగన్వాడీలో నూనె ప్యాకెట్లు, బెల్లం, ఇవన్నీ గట్టి తలుపు వెనక పెట్టండి. తలుపు తీయడం దానికి రాదు గానీ పుచ్చిన తలుపు తోసుకు పోవడం బాగా వచ్చు. కుక్కని తోటకి తీసుకెళ్ళకండి. కుక్క ఎలుగుని చూసి మొరుగుతుంది, అది తరుముతుంది, అప్పుడు కుక్క ఎటు పరిగెడుతుంది? నేరుగా మీ కాళ్ళ దగ్గరికి. మరుగుదొడ్లు. ప్రతి ఇంటికీ ఉంది. లోపల ఏమున్నాయి? కొబ్బరి డొక్కలు. డొక్కలు దొడ్లో పెట్టి, మనుషులు చెంబు పట్టుకుని చీకట్లో తోటకెళ్తున్నారు. ఇక నేనేం చెప్పను.

మగవాళ్ళకి

సరే, ఇప్పుడు మగవాళ్ళు. ముఖ్యంగా కుర్రాళ్ళు.

2022 జూన్‌లో ఈ మండలంలోనే ఏం జరిగిందో మీకందరికీ తెలుసు. కిడిసింగి దగ్గర ఎలుగు దాడిలో ఒక రైతు ప్రాణం పోయింది. మర్నాడు ఇంకొంతమందికి దెబ్బలు తగిలాయి. ఆ ఇళ్ళల్లో ఇవాళ్టికీ ఆ దుఃఖం ఉంది, వాళ్ళ గురించి నేను వేలెత్తి ఒక్క మాట అనను. చివరికి మత్తుమందు ఇచ్చి దాన్ని పట్టుకున్నారు. విశాఖ జూకి తీసుకెళ్తుంటే చనిపోయింది. మనిషీ పోయాడు, జంతువూ పోయింది, తోటల్లో మిగతా ఎలుగులు అలాగే ఉన్నాయి. "పట్టుకెళ్ళి జూలో పెట్టేస్తే పోలేదా?" అని అడిగేవాళ్ళకి నా జవాబు అది. ఎన్నింటిని పట్టుకెళ్తారు?

నేను అడిగేది వేరే. ఎలుగు కనపడిందని ఒకడు ఫోన్ చేస్తే పదిమంది ఎందుకు వస్తారు? బండి మీద ముగ్గురేసి ఎందుకు వస్తారు? వచ్చి చుట్టూ ఎందుకు నిలబడతారు? నాలుగు వైపులా జనం, నాలుగు వైపులా కేకలు. అది ఎటు పోతుంది? దారి లేని ఎలుగు కంటే ప్రమాదం ఇంకోటి లేదు. ఒక వైపు, కొండ వైపు, ఖాళీగా వదలండి. అది పోవాలనే చూస్తోంది, పోనివ్వండి.

మా ఊళ్ళో మొదట ఏం చేశామో తెలుసా? ఎలుగు కనపడితే మైకులో చెప్పించాం, "ఫలానా తోటలో ఎలుగు ఉంది, జాగ్రత్త" అని. అది విని ఊరంతా ఆ తోటకే పరిగెత్తింది, చూడ్డానికి! చంకలో పిల్లల్నెత్తుకుని మరీ వెళ్ళారు. తరవాత వాట్సాప్ గ్రూపు పెట్టాం. అందులో ఎక్కడిదో పాత వీడియో పెట్టి "మన ఊరే" అన్నాడొకడు. రెండు రోజులు ఎవరూ బడికి పంపలేదు పిల్లల్ని. ఇప్పుడు గ్రూపులో మూడే ముక్కలు రాయాలి. ఎన్ని గంటలకి, ఎక్కడ, ఎటు వెళ్తోంది. ఫొటో పెట్టకూడదు. పెడితే తీసేస్తాం. ఫొటో తీశాడంటే దగ్గరికెళ్ళాడనే కదా అర్థం.

తమిళనాడులో వాల్పారై అని టీ తోటల ఊరుంది. అక్కడ ఏనుగులు. ఏనుగు ఏ వైపుందో కూలీల ఫోన్లకి మెసేజ్ వెళ్తుంది, టీవీలో కింద రాత వస్తుంది. ఎర్ర దీపాలు పెట్టారు, ఫోన్ చేస్తే వెలుగుతాయి. ఎర్ర లైటు వెలిగిందంటే దగ్గర్లో ఏనుగుంది, ఆ దారి వెళ్ళకూడదు. దాన్ని నడిపించిన ఆనందకుమార్ గారికి 2015లో, వన్యప్రాణుల్ని కాపాడేవాళ్ళకి ఇచ్చే విట్లీ అవార్డు వచ్చింది. అందులో నాకు నచ్చింది ఏమిటంటే, అక్కడ ఏనుగుని తరమడం మీద కాదు, మనిషికి ముందుగా తెలియడం మీద పెట్టారు పని. మన పక్కనే మన్యం జిల్లాలో కొమరాడ, జియ్యమ్మవలస వైపు ఏనుగుల బాధ చూస్తున్నాం. 2023 మేలో భామిని మండలం కాట్రగడ దగ్గర పొలంలో కరెంటు తగిలి నాలుగు ఏనుగులు ఒక్క రాత్రి చనిపోయాయి.

కరెంటు మాట వచ్చింది కాబట్టి ఇదొకటి. అడవిపంది కోసం తీగ పెడుతున్నారు. మీరు పెట్టలేదు, తెలుసు, ఎవరూ పెట్టరు, తీగే వచ్చి పడుకుంటుంది! ఆ తీగకి పందీ ఎలుగూ తేడా తెలీదు. మీ తమ్ముడికీ పందికీ కూడా తేడా తెలీదు. ఎలుగు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్లో, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది. చంపితే మూడేళ్ళకి తగ్గకుండా, ఏడేళ్ళ దాకా జైలు.

ఎదురుపడితే ఏం చెయ్యాలి? దూరంగా ఉంటే మెల్లగా, దాని వైపే చూస్తూ, వెనక్కి నడవండి. పరిగెత్తకండి, అది మీకంటే వేగం. చెట్టెక్కకండి, అదీ ఎక్కుతుంది. మీద పడిపోతే? బాబూ, నువ్వు ఇలా రా. పడుకో. బోర్లా పడుకో. చొక్కా మాసిపోతే మీ అమ్మతో నేను చెప్తాలే. చూడండి అందరూ. ముఖం నేలకి ఆనించాలి. చేతులు రెండూ మెడ వెనక, వేళ్ళు ఒకదాంట్లో ఒకటి బిగించి. మోచేతులు చెవులకి దగ్గరగా. అది ముఖం కోసం చూస్తుంది, ముఖం దొరక్కూడదు. వీపు మీద గీరితే గీరనివ్వండి, వీపు మానుతుంది. అది వెళ్ళిపోయిందని అనుకున్నాక కూడా కాసేపు కదలకండి. సరే, లే. దులుపుకో.

గాయం అయితే ధారగా నీళ్ళు పోసి సబ్బుతో కడగండి. పసుపు, సున్నం, ఆకుపసర్లు పెట్టకండి. 108కి ఫోన్ చెయ్యండి. ధనుర్వాతం టీకా, కుక్క కరిస్తే వేసే ఆ రేబిస్ టీకా కూడా అడిగి వేయించుకోండి. పరిహారం ఇస్తారు, కానీ కాగితాలుండాలి. దెబ్బ తగిలిన రోజే ఫారెస్టు వాళ్ళకి చెప్పి, ఫొటోలు తీసి, ఆసుపత్రి చీటీలు పారెయ్యకుండా దాచండి. మా వీధిలో ఒకాయన చీటీ పోగొట్టుకుని ఒక ఆఫీసు చుట్టూ ఏడాదిన్నర తిరిగాడు. దెబ్బ మూడు నెలల్లో మానింది.

ఏటమ్మా? గట్టిగా అడుగు. "మీరు మా పక్షమా, ఎలుగు పక్షమా?" మంచి ప్రశ్న. అమ్మా, మన జిల్లాలోనే తేలినీలాపురం ఉంది, తేలుకుంచి ఉంది. పక్షులు ఏటేటా వస్తాయి, ఇళ్ళ పక్క చెట్ల మీద గూళ్ళు కడతాయి, ఊరంతా కంపు కొడుతుంది, అయినా వాళ్ళు ఒక్క రాయి వెయ్యరు. అవి వస్తే ఊరికి మంచిదని వాళ్ళ నమ్మకం. నేను మిమ్మల్ని అలా నమ్మమని అడగలేను. కొంగ కన్ను పీకదు. ఎలుగుని ప్రేమించమని కన్ను పోయిన ఇంట్లోంచి వచ్చి నేనెలా చెప్తాను? దాని వంతు దానికి వదలమంటున్నాను, అంతే. మీ వంతులో మీరు క్షేమంగా ఉండాలంటే అదే దారి.

ఏరా, చెయ్యి ఎత్తమన్నాను కదా, ఎత్తలేదేం? ఎప్పుడో ఎత్తావా? సరే, తప్పు నాదే, ఆరుంబావయింది. చీకటి పడిపోయింది. ఎవరూ ఒంటరిగా వెళ్ళొద్దు. చివరి వీధివాళ్ళు, చెరువుగట్టు వాళ్ళు ఇటు ఒక గుంపు. ఇసకదిబ్బల వైపు వాళ్ళు అటు ఒక గుంపు. టార్చి ఉన్నవాళ్ళు ముందు ఒకరు, వెనక ఒకరు. పిల్లలు మధ్యలో. మాట్లాడుకుంటూ వెళ్ళండి, గట్టిగా. ఇంత ఆలస్యం చేశాడని నన్ను తిట్టుకుంటూ వెళ్ళినా సరే, గొంతెత్తి తిట్టండి.